వాటర్ కలర్ వేస్తే చివరికి బురద రంగే మిగులుతోంది, లోపం రంగులదా పేపర్‌దా?

గోదారమ్మాయి
వాటర్ కలర్స్ మొదలుపెట్టి ఏడాది దాటింది. స్కెచ్ వరకు బానే వస్తోంది, మొదటి వాష్ (పల్చటి రంగు పూత) కూడా ముచ్చటగానే ఉంటుంది, ఆ తర్వాత రెండో రంగు మూడో రంగు పడేసరికి మొత్తం బురద. మా రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర కూర్చుని హేవలాక్ బ్రిడ్జి వైపు సాయంత్రం ఆకాశం వేద్దామని చూస్తున్నా, కింద నారింజ పైన నీలం, రెండూ కలిసే చోట బూడిదా కాదు మట్టీ కాదు, ఏదో చచ్చిన రంగు వస్తోంది. సరిచేద్దామని మళ్ళీ బ్రష్ పెడితే కాలీఫ్లవర్ పువ్వుల్లా మరకలు. వాడేది స్కూల్ పిల్లల రంగు బిళ్ళల (కేకుల) సెట్టు, పేపర్ ఏమో షాపులో డ్రాయింగ్ షీట్ అంటే ఇచ్చింది. ఇంట్లో అడిగితే మంచి రంగులు కొనిపెడతారు గానీ కొన్నాక కూడా ఇదే బురదైతే డబ్బు దండగ కదా. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి, ఏది ముందు మార్చాలి?

సామర్లకోట_శీను
జూలై ఆగస్టుల్లో వెయ్యండి, అప్పుడు గోదారి ఎర్రనీళ్ళతోనే ఉంటుంది, మీ రంగు సరిగ్గా సరిపోద్ది 😀

విశాఖ_స్కెచర్
పేపర్. మొదట పేపర్, ఆఖర్న రంగులు. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు), నూరు శాతం కాటన్ అని రాసి ఉన్నది ఒక్క షీటు కొని చూడండి చాలు. డ్రాయింగ్ షీట్ అని ఇచ్చేది పెన్సిల్ కోసం చేసినది, నీళ్ళు పడగానే ఉబ్బుతుంది, గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన చోటే మరక. మీ చెయ్యి ఎంత బాగున్నా అక్కడ ఏం చెయ్యలేదు.

హనుమకొండ_కిరణ్
నేను ఒప్పుకోను అన్నా. కాటన్ షీట్ చేతిలో ఉంటే భయం పుడ్తది, పాడైతే ఎట్లా అని చెయ్యి వణుకుతది. నేర్చుకునేటోళ్ళకు చవక పేపరే మంచిది, కట్టలు కట్టలు ఖరాబు చెయ్యాలె, అప్పుడే చెయ్యి తిరుగుతది. మా ఊర్ల ఆర్టిస్టులు న్యూస్ పేపర్ మీద గీసి గీసి నేర్చుకున్నరు.

విశాఖ_స్కెచర్
@హనుమకొండ_కిరణ్ గీయడానికి న్యూస్ పేపర్ బ్రహ్మాండం, నేనూ అదే చెప్తా. కానీ తడి మీద తడి రంగు నేర్చుకోవాలంటే తడి కాసేపు నిలిచే పేపర్ కావాలి. చెక్కగుజ్జు పేపర్ నిమిషంలో ఆరిపోతుంది, అది కూడా ఒకచోట ఆరి ఒకచోట ఆరకుండా. కాటన్ నీళ్ళని లోపలికి తీసుకుని మెల్లగా వదుల్తుంది, అంతా ఒకే తీరుగా ఆరుతుంది. ఆ టైమే మనం కొనుక్కునేది. భయం సంగతికి మందు ఉంది, 22 బై 30 అంగుళాల ఫుల్ షీట్ కొని ఎనిమిది ముక్కలు చెయ్యండి, ఒక్కోటి ఏడున్నర బై పదకొండు వస్తుంది, రెండు వైపులా వెయ్యండి. పదహారు బొమ్మలకి ఒక షీటు, ఇంక వణుకెందుకు.

హనుమకొండ_కిరణ్
పదహారు అంటే సరే, ఆ లెక్క బాగుంది

డ్రాయింగ్_మాస్టారు
అమ్మాయీ, పేపర్ మారిస్తే సగం తేలిక అవుతుంది, ఆ మాట నిజం. మిగతా సగం నీళ్ళు. నా దగ్గరికి వచ్చే పిల్లలందరిదీ ఇదే గొడవ, అందరూ రంగు ఎంత కలపాలి అని అడుగుతారు గానీ బ్రష్‌లో నీళ్ళెన్ని ఉన్నాయి, కాగితం మీద నీళ్ళెన్ని ఉన్నాయి అని ఒక్కరూ అడగరు. కాగితం తడిపాక దాన్ని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూడు. మొదట అద్దంలా మెరుస్తుంది, అప్పుడు రంగు పెడితే ఎటుపడితే అటు పోతుంది. కాసేపటికి ఆ మెరుపు తగ్గి పట్టుచీర మీద ఉండే నిగనిగలా ఉంటుంది, మబ్బులు, దూరపు చెట్లు, మంచు, మెత్తటి అంచు కావాల్సినవన్నీ ఆ దశలోనే. ఇంకాసేపటికి మెరుపు పూర్తిగా పోతుంది, చూస్తే ఆరినట్టే ఉంటుంది గానీ చేతి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగుల్తుంది. ఆ చల్లదనం ఉన్నంతసేపు కాగితం జోలికి పోకు. బురద, మరకలు, పొరలు లేచిపోవడం అన్నీ ఆ దశలో బ్రష్ పెట్టడం వల్లే.

కాలీఫ్లవర్ మరక ఎందుకొస్తుందో కూడా చెప్తాను. కాగితం మీద తడి తగ్గిపోయింది, నీ బ్రష్‌లో నీళ్ళు ఎక్కువున్నాయి. ఆ కొత్త నీళ్ళు తడి తక్కువున్న వైపుకి పరిగెడుతూ అక్కడున్న రంగు రేణువుల్ని తోసుకుపోయి అంచున కుప్ప పోస్తాయి, అదే పువ్వు ఆకారం. కాబట్టి తడి కాగితం మీదకి వెళ్ళే ప్రతిసారీ బ్రష్‌లో తడి కాగితం కంటే తక్కువ ఉండాలి. రంగు ముంచాక బ్రష్ పొట్టని ఒకసారి గుడ్డకి ఆనించు, కొనని కాదు, పొట్టని. రంగు చిక్కగా ఉంటుంది, నీళ్ళు పోతాయి. ఇంక నారింజ నీలం గురించి సాయంత్రం రాస్తాను, క్లాసుకి టైమైంది.

గోదారమ్మాయి
మాస్టారూ చేతి వెనకవైపు ఆనించి చూడ్డం నాకు ఎవరూ చెప్పలేదు ఇప్పటిదాకా!! మెరుపు పోయిన వెంటనే ఆరిందనుకుని రెండో కోటు వేసేస్తున్నా. సాయంత్రం కోసం ఎదురుచూస్తుంటా.

డల్లాస్_లక్ష్మి
మాస్టారు చెప్పిన దశలు అన్ని చోట్లా ఒకటే గానీ వాటి టైమింగ్ మాత్రం ఊరిని బట్టి మారిపోతుంది. ఇక్కడ చలికాలం హీటర్ వేసుకున్న గదిలో గాలి పొడిగా ఉండి వాష్ సగం వేసేలోపు మొదటి సగం ఆరిపోతుంది. విజయవాడలో అమ్మావాళ్ళింట్లో అదే పేపర్ అదే రంగులతో వానాకాలంలో వేస్తే ఎంతకీ ఆరదు. అందుకే వీడియోలో ఆయన రెండు నిమిషాలాగి వేశాడు కాబట్టి నేనూ రెండు నిమిషాలు అని లెక్కపెట్టుకోవద్దు, కాగితాన్ని చూసుకోండి అంతే.

విశాఖ_స్కెచర్
@డల్లాస్_లక్ష్మి సరిగ్గా చెప్పారు. మాకు సముద్రపు గాలి, ఆరడమే సమస్య. హెయిర్ డ్రయ్యర్ దగ్గర పెట్టుకుంటా, కానీ మెరుపు ఉండగా డ్రయ్యర్ పెడితే గాలికి నీళ్ళు కదిలి రంగు చారలు కడుతుంది, మెరుపు పోయాకే ఆన్ చెయ్యాలి, అది కూడా దూరంగా.

అనంతపురం_బాషా
మాకు ఏప్రిల్ మే నెలల్లో బయట కూర్చుంటే బ్రష్ ఎత్తి దించేలోపు ఆరిపోతుంది. దానికి ఏం చేయాలో ఎవరైనా చెప్పండప్పా

కుంచె_చిట్కాలు
@అనంతపురం_బాషా పేపర్ వెనకవైపు కూడా బాగా తడిపి ప్లాస్టిక్ బోర్డు మీదో గాజు పలక మీదో అతికించండి, కింద నుంచి తడి అందుతూ ఉంటుంది. రంగు కలిపే నీళ్ళలో ఒకట్రెండు చుక్కలు గ్లిజరిన్ వేస్తే కూడా ఆరడం నెమ్మదిస్తుంది, ఎక్కువేస్తే జిగటగా ఉండిపోతుంది జాగ్రత్త. అన్నిటికంటే ముఖ్యం పొద్దున్నే వెళ్ళండి, ఎండా బాగుంటుంది నీడలూ పొడుగ్గా ఉంటాయి.

డ్రాయింగ్_మాస్టారు
నారింజ నీలం సంగతి. ఈ రెండూ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉంటాయి, కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని బూడిద రంగు ఇస్తాయి. అది లోపం కాదు, రంగుల స్వభావం. ఆకాశంలో వాటిని నేరుగా కలవనివ్వకూడదు. కింద నారింజ, దాని పైన నీళ్ళగా గులాబీ, ఆ గులాబీలోకి నీలం దిగితే లేత వంకాయ రంగు వస్తుంది, అది సాయంత్రం ఆకాశంలో నిజంగానే ఉంటుంది, రేపు ఘాట్ దగ్గర గమనించు. నారింజ పైన పసుపు పెట్టి దానికి నీలం తగిలించావో ఆకుపచ్చ ఆకాశం వస్తుంది, అదింకో తలనొప్పి. ఇంకో పద్ధతి, వెచ్చటి రంగులు మొత్తం వేసి పూర్తిగా ఆరనిచ్చి, చల్లదనం కూడా పోయాక, ఆ మీద మంచినీళ్ళు మెత్తగా రాసి నీలం పైనుంచి దించడం. దీనికి ఓపిక కావాలి, బ్రష్ ఒక్కసారే వెళ్ళాలి, వెనక్కి రాకూడదు.

బూడిద రంగుని శత్రువులా చూడకు అని కూడా చెప్పాలి. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి మట్టిరంగు, ఈ రెండూ కలిపి ఎన్ని రకాల బూడిదలొస్తాయో ఒక కాగితం నిండా వేసి చూడు. నీలం ఎక్కువైతే వానమబ్బు, సియెన్నా ఎక్కువైతే తడి ఇసుక, చిక్కగా కలిపితే దాదాపు నలుపు. పడవలు, బ్రిడ్జి స్తంభాలు, మెట్ల నీడలు అన్నీ ఈ రెండు ట్యూబుల్లో ఉన్నాయి. నలుపు ట్యూబ్ పెట్టె అడుగున పెట్టేయ్.

సామర్లకోట_శీను
మాస్టారూ రెండు రంగులు కలిపితే ప్రాణం ఉన్న బూడిద, అదే సెట్టులో నాలుగైదు కలిపితే చచ్చిన బూడిద ఎందుకవుతోంది? కలపడం కలపడమే కదా

కుంచె_చిట్కాలు
@సామర్లకోట_శీను ఎన్ని పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) కలిస్తే అంత వెలుతురు మింగేస్తాయి. పైగా మనం ఒక రంగు అనుకునేది చాలాసార్లు అప్పటికే రెండు మూడు కలిపినది. మంచి ట్యూబుల మీద సన్నక్షరాల్లో పిగ్మెంట్ కోడ్ ఉంటుంది, అల్ట్రామెరీన్‌కి పీబీ 29, థాలో బ్లూకి పీబీ 15, ఇలా. ఒకే కోడ్ ఉంటే ఒకే పిగ్మెంట్. శాప్ గ్రీన్, పేన్స్ గ్రే లాంటివాటి మీద సాధారణంగా రెండు మూడు కోడ్‌లుంటాయి, అలాంటివి రెండు కలిపితే తెలియకుండానే ఐదారు పిగ్మెంట్లు కలిపినట్టు. పిల్లల కేకుల్లో చవక కోసం తెల్లటి పూరకం పొడి కూడా ఎక్కువ ఉంటుంది, పొర మీద పొర వేస్తే సుద్ద రాసినట్టు మసగ్గా అవుతుంది. అందుకని పెద్ద సెట్టు వద్దు, విడి ట్యూబులు ఓ ఐదారు కొనుక్కోండి. నా లెక్కలో లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, క్వినాక్రిడోన్ రోజ్, అల్ట్రామెరీన్, థాలో బ్లూ. ఇవి చాలు.

కలంకారీ_కుటుంబం
అలిజరిన్ క్రిమ్సన్ కొనమని చాలామంది చెప్తారు, కోడ్ పీఆర్ 83 అయితే ఎండకి వెలిసిపోతుంది, కొనొద్దండి. రోజ్ చెప్పి మంచిపని చేశారు.

పేపర్ మీద చర్చ నడిచింది కాబట్టి మా పని గురించి ఒక మాట. మాది శ్రీకాళహస్తి, కలంతో వేసే పని. మేము గుడ్డని కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెట్టాకే కలం పట్టేది. పాలలో ఉండే కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకిపోకుండా గీత గీతలా నిలబడుతుంది, కరక్కాయ ఉండబట్టే ఇనుము బెల్లం పులియబెట్టిన కసిమి నల్లగా తేలుతుంది. పాలు సరిగా పట్టని గుడ్డ అయితే ఎంత పెద్ద పనివాడి గీతైనా చెదిరిపోతుంది. మీ వాటర్ కలర్ పేపర్‌కి కూడా తయారీలో జెలటిన్ లాంటి సైజింగ్ పెడతారు, అదే ఈ పని చేసేది. కాబట్టి పేపర్ ముఖ్యమా రంగు ముఖ్యమా అంటే మా ఇంట్లో అయితే ఎవరూ అడగరు, ముందు గుడ్డ.

విశాఖ_స్కెచర్
@కలంకారీ_కుటుంబం ఇది ఎంత మంచి పోస్టు అండీ! సైజింగ్ గురించి చెప్పారు కాబట్టి మా కోస్తావాళ్ళకి ఒక హెచ్చరిక. తేమకి సైజింగ్ పాడైపోతుంది. ఎంతో ఖరీదు పెట్టి కొన్న పేపర్ బీరువాలో వానాకాలం గడిచాక తీసి రంగు వేస్తే అక్కడక్కడ ముదురు చుక్కలు పడి అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. మూలన ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి, చుక్క నిలబడితే బాగున్నట్టు, వెంటనే ఇంకిపోయి మచ్చ పడితే ఆ షీటు స్కెచింగ్‌కి వాడుకోండి. షీట్లు ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి.

గోదారమ్మాయి
ఇన్ని విషయాలు ఒకేచోట దొరుకుతాయనుకోలేదు. కేకుల సెట్టు మా మేనకోడలికి ఇచ్చేశా. కాటన్ షీట్ ఒకటి తెప్పించి ముక్కలు చేశాను, అల్ట్రామెరీన్ సియెన్నా కలిపి కాగితం నిండా వేశా. నిజంగా ఎన్ని రంగులో! ఒక మూల రంగు పొడిపొడిగా ఇసుక చల్లినట్టు వచ్చింది, అదేమైనా లోపమా?

కుంచె_చిట్కాలు
@గోదారమ్మాయి లోపం కాదు, దాన్ని గ్రాన్యులేషన్ అంటారు. అల్ట్రామెరీన్ రేణువులు కాస్త లావు, పేపర్ గుంటల్లో దిగి కూర్చుంటాయి. పాత గోడలకి, ఘాట్ మెట్లకి, వానమబ్బుకి అదే అందం. నున్నగా కావాలంటే థాలో వాడండి, కానీ థాలో ఒకసారి కాగితానికి పట్టుకుంటే వదలదు, అల్ట్రామెరీన్ అయితే తడి బ్రష్‌తో చాలావరకు లేపేయొచ్చు. ఏది లేస్తుంది ఏది లేవదు అన్నది మీ రంగులతో మీరే ఒక చార్ట్ వేసుకుని గోడకి తగిలించుకోండి.

నెల్లూరు_చిన్నా
అందరూ రంగు రంగు అంటన్నారు, లైట్ డార్క్ గురించి ఒక్కరూ ఎత్తలా. బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యి, అంతా ఒకే బూడిదగా కనపడితే రంగులు ఎంత మంచివైనా ఆ బొమ్మ నిలబడదు. రంగు తప్పైనా పర్లేదు, వేల్యూ కరెక్ట్‌గా ఉండాల.

హనుమకొండ_కిరణ్
@నెల్లూరు_చిన్నా వందకి వంద. నేను ముందు అగ్గిపెట్టంత డబ్బాలు గీసుకుని మూడే టోన్లు పెడ్త, పేపర్ తెలుపు, నడిమి బూడిద, ముదురు. అండ్ల బొమ్మ కుదిరితేనే పెద్దగ వేస్త. కుదరకపోతే ఆ సీన్ వదిలేస్త.

నెల్లూరు_చిన్నా
ఇంకోటి, వాటర్ కలర్ ఆరినాక పాలిపోతది. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపిస్తే ఆరినాక తక్కువైనట్టే. కొత్తోళ్ళ బొమ్మలన్నీ నీరసంగా ఉండేది అందుకే, భయపడి లేతగా వేస్తారు, మళ్ళా మీద కోటు, మళ్ళా కోటు, అక్కడ మొదలవుద్ది బురద. మొదటే ధైర్యంగా చిక్కగా వేసెయ్.

డ్రాయింగ్_మాస్టారు
@నెల్లూరు_చిన్నా చాలా విలువైన మాట బాబూ.

రంగవల్లి_హైద్రాబాద్
నాకు మనుషుల బొమ్మలతో ఇబ్బంది. సెట్టులో స్కిన్ కలర్ అని ఒకటి వస్తుంది, లేత గులాబీ. మా ఇంట్లో ఎవరూ ఆ రంగులో లేరు! మనవాళ్ళ చామనఛాయ ఎలా కలపాలి?

కుంచె_చిట్కాలు
@రంగవల్లి_హైద్రాబాద్ ఆ ట్యూబ్ మర్చిపోండి. బర్న్ట్ సియెన్నా బేస్, వెలుగు పడే చోట ఎల్లో ఓకర్ కలిపి పల్చగా, బుగ్గలు, ముక్కు కొన, చెవుల దగ్గర కాస్త రోజ్, నీడలో సియెన్నాకి అల్ట్రామెరీన్. నుదురు మీద పడే ఆకాశపు వెలుగుకి నీళ్ళలాంటి నీలం ఒక పూత. నలుపు కలిపి నీడలు వేస్తే ముఖానికి మసి పూసినట్టు ఉంటుంది. మన ఒంటిరంగులో ఎరుపూ పసుపూ నీలం అన్నీ ఉన్నాయి, ఎండలో పొలం పనిచేసేవాళ్ళ భుజాలు చూడండి, దాదాపు ఊదా రంగు మెరుపు కనిపిస్తుంది.

వపా_వీరాభిమాని
ఛాయల గురించి అయితే వడ్డాది పాపయ్య గారి బొమ్మలు ముందేసుకుని కూర్చోండి. చందమామ, యువ ముఖచిత్రాలు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, మన ఆడవాళ్ళ ఒంటి మెరుపుని అలా పట్టుకున్నవాళ్ళు నాకైతే ఇంకొకరు కనపడలేదు. నీడని కూడా రంగుతో వేస్తారాయన. నేను కాపీ చేసి చేసి నేర్చుకున్నా.

రంగవల్లి_హైద్రాబాద్
కాపీ చేస్తే సొంత స్టైల్ రాదంటారు కదా?

వపా_వీరాభిమాని
ఎవరండీ అనేది? పాట నేర్చుకునేవాళ్ళు గురువు పాడిందే పాడరా మొదట. ఇన్‌స్టాలో పెట్టేటప్పుడు ఫలానా వారి బొమ్మకి నకలు అని రాయండి, అమ్ముకోకండి, అంతే.

నెల్లూరు_చిన్నా
నేను ఒప్పుకోను. ప్రింట్ చూసి కాపీ కొడితే అయిపోయిన రంగు కనపడుద్ది గానీ ఏది ముందేశారు ఏది తర్వాతేశారు అనేది కనపడదు. వాటర్ కలర్‌లో ఆ వరసే అసలు విద్య. దానికంటే ఇంటి ముందర చెట్టు చూసి వెయ్యడం మేలు.

వపా_వీరాభిమాని
చెట్టు చూసి వేస్తే మాత్రం వరస ఎవరు చెప్తారు మీకు, చెట్టా? పెద్దవాళ్ళు ఒక సమస్యని ఎలా విప్పారో చూసే కదా మన కన్ను తెరుచుకునేది.

డ్రాయింగ్_మాస్టారు
ఇద్దరూ ఆగండి. నకలు చెయ్యి, కానీ మొత్తం బొమ్మ కాదు. ఒక చెయ్యి, ఒక చీర మడత, ఒక మబ్బు, అంతే తీసుకుని అది ఎలా వేసి ఉంటారా అని ఆలోచిస్తూ మూడు నాలుగు రకాలుగా ప్రయత్నించు. మర్నాడు బయటికెళ్ళి నిజం మబ్బు వెయ్యి. రెండూ ఒకే వారంలో జరగాలి.

ఇన్నీసుపేట_పెద్దాయన
గోదారమ్మాయి రాజమండ్రి అంటోంది, ఇంత చర్చలో మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది. ఊళ్ళోనే ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది, అచ్చులో కాకుండా అసలు బొమ్మలు, నీటిరంగులవి, కళ్ళ ముందు. 1897లో పుట్టి 1925లో మశూచికంతో పోయారు, ముప్పై కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయనలో విద్యని గుర్తించి ప్రోత్సహించారు, అడివి బాపిరాజు గారు కూడా ఆ గూటి పక్షే. రామారావు గారు బొంబాయి జేజే స్కూల్లో చదివొచ్చి ఇక్కడే 1923లో చిత్రకళాశాల పెట్టారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణే. నెల్లూరు బాబు అడిగిన వరస ప్రింటులో కనపడదు నిజమే, అసలు బొమ్మ దగ్గర నిలబడితే కనపడుతుంది. ఏ అంచు గట్టిగా ఉంది, ఏ అంచు పక్కరంగులో కరిగిపోయింది, కాగితం తెలుపు ఎక్కడ వదిలేశారు, పెన్సిల్ గీత ఎక్కడ మిగిలింది. పక్కకి జరిగి ఏటవాలుగా కూడా చూడాలి, పూతలు అర్థమవుతాయి.

గోదారమ్మాయి
బాబాయ్ గారూ చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళారు, వరసలో నడిచి బయటికొచ్చేశాం. ఈసారి పుస్తకం పట్టుకుని ఒక్క బొమ్మ ముందే కూర్చుంటా.

కుంచె_చిట్కాలు
పూతల మాట వచ్చింది కాబట్టి, బెంగాల్ వాష్ అని ఒక పద్ధతుంది, ఓపికున్నవాళ్ళు ప్రయత్నించొచ్చు. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చినప్పుడు వాళ్ళ పని చూసి అబనీంద్రనాథ్ ఠాగూర్ మొదలుపెట్టింది. రంగు వేసి పూర్తిగా ఆరాక కాగితాన్ని నీళ్ళలో ముంచేస్తారు, పట్టుకోని రంగంతా కరిగిపోతుంది, పట్టుకున్నది ఉంటుంది. ఆరబెట్టి మళ్ళీ పూత, మళ్ళీ నీళ్ళు. చివరికి మంచులోంచి చూస్తున్నట్టు ఉంటుంది. కాటన్ పేపర్ కాకపోతే చిరిగి చేతికొస్తుంది.

అనంతపురం_బాషా
నీళ్ళలో ముంచేదా!! ఎంత గుండె కావాలప్పా దానికి

రంగవల్లి_హైద్రాబాద్
తెల్లపంచె, తెల్ల కొంగ, నీళ్ళమీద మెరుపు, ఇవి ఎలా వదలాలి? తెల్ల రంగు వాడితే వాటర్ కలర్ కాదని ఒక గ్రూపులో తిట్టారు నన్ను.

హనుమకొండ_కిరణ్
తిట్టనియ్యిండ్రి అక్కా. మా చేర్యాల నకాషీ బొమ్మలు చూడుండ్రి, బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూసి, ఆ మీద గట్టి రంగులు, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్. అండ్ల పారదర్శకం అన్న ముచ్చటే లేదు, అది తక్కువైన కళనా? సిద్దిపేట కాపు రాజయ్య గారు ఆ నకాషీ నుంచే తన దారి పట్టిండు. తెల్ల గువాష్, అంటే కింది రంగు కనపడనియ్యని గట్టి నీటిరంగు, వాడినా ఏం కాదు.

విశాఖ_స్కెచర్
తప్పని నేనూ అనను, కానీ నేర్చుకునే దశలో తెల్ల రంగు దగ్గర పెట్టుకుంటే తెలుపుని ముందే ఆలోచించి వదిలే అలవాటు రాదు. కొంగ చుట్టూ ఉన్న పొలం రంగు వేస్తే కొంగ దానంతటదే వస్తుంది, ఆ పద్ధతి చేతికొచ్చాక చివర్లో ఒకట్రెండు మెరుపులకి గువాష్ వాడుకోండి. నీళ్ళమీద మిలమిలకి పొడి బ్రష్‌ని పక్కకి పడుకోబెట్టి గరుకు పేపర్ మీద చకచకా లాగండి, గుంటలు తెల్లగా మిగులుతాయి. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా వదలాల్సిన చోట రంగు పట్టకుండా ముందే పూసే ద్రవం) వాడితే మాత్రం పాత బ్రష్ వాడండి, మంచి బ్రష్ అయితే గట్టిపడి పోతుంది, ముందు సబ్బునీళ్ళలో ముంచుకోవాలి.

సామర్లకోట_శీను
మంచి బ్రష్ అంటే ముంగిస వెంట్రుకలదేనా? ఒకాయన అదే కొనమన్నాడు

విశాఖ_స్కెచర్
@సామర్లకోట_శీను దయచేసి వద్దు. ముంగిస వెంట్రుకల బ్రష్‌ల వ్యాపారం మన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, ఆ వెంట్రుకల కోసం ముంగిసల్ని చంపుతారు. సింథటిక్‌వి ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి. 12 నంబర్ రౌండ్ కొన నిలిచేది ఒకటి, వాష్‌కి ఒక వెడల్పు ఫ్లాట్, గడ్డి, తాళ్ళు, కొమ్మలకి రిగ్గర్ అనే సన్నటి పొడుగు బ్రష్ ఒకటి. చిన్న బ్రష్‌లు కొనకండి, చిన్న బ్రష్ పట్టుకుంటే గోక్కుంటూ కూర్చుంటాం.

గోదారమ్మాయి
ఘాట్ దగ్గర మళ్ళీ వేశాను. మాస్టారు చెప్పినట్టు గులాబీ మధ్యలో పెట్టి నీలం పైనుంచి దించా, ఈసారి బురద లేదు!! వంకాయ రంగు నిజంగానే ఉంది ఆకాశంలో, ఇన్నాళ్ళూ చూస్తూ కూడా చూడలేదు. కానీ అవతలి ఒడ్డు చెట్లు మాత్రం కత్తిరించి అంటించినట్టు ఉన్నాయి. శాప్ గ్రీన్ ఒకటి మిగిలి ఉంటే అదే వాడా.

డ్రాయింగ్_మాస్టారు
సంతోషం అమ్మా. చెట్లు రెండు కారణాల వల్ల అలా వచ్చాయి. గోదావరి అంత వెడల్పు నది అవతల ఉన్న చెట్టు పచ్చగా ఉండదు, మధ్యలో అంత గాలీ తేమా ఉన్నాయి కాబట్టి నీలిబూడిదగా, లేతగా కనపడుతుంది. అక్కడ ఆకుపచ్చ అసలు వాడకు, అల్ట్రామెరీన్‌కి చిటికెడు సియెన్నా చాలు. రెండోది అంచు. ఆకాశం నిగనిగ దశలో ఉండగానే చెట్ల తలలు పెట్టెయ్, అవి ఆకాశంలోకి కొంచెం కరుగుతాయి. నీళ్ళకి ఆనే కింది అంచు మాత్రం ఆరాక గట్టిగా గీయి. ఒకే చెట్టుకి పైన మెత్తన, కింద గట్టి, అప్పుడు దూరం కనపడుతుంది.

దగ్గరి కొబ్బరిచెట్లకి పచ్చ కావాలంటే లెమన్ ఎల్లో, అల్ట్రామెరీన్, దాంట్లో కాస్త సియెన్నా. నారుమడి లేతపచ్చ మాత్రం లెమన్‌కి థాలో సూదిమొనంత. థాలో ఒలికించావంటే మడంతా ప్లాస్టిక్ అయిపోతుంది.

కోనసీమ_కుమారి
మాస్టారూ సూదిమొనంత అని భలే చెప్పారు, మా మడి ముందు మీరే నిలబడి చూసినట్టుంది

డల్లాస్_లక్ష్మి
@గోదారమ్మాయి ఆ బొమ్మ ఫ్రేమ్ కట్టిస్తే అద్దం నేరుగా పేపర్‌కి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించండి, యాసిడ్ లేనిది అడిగి మరీ. అమ్మావాళ్ళింట్లో అద్దానికి అంటుకుపోయి బూజు పట్టిన బొమ్మలు చూశాను, తీయబోతే రంగుతో సహా ఊడొచ్చాయి. ఎండ నేరుగా పడే గోడకీ, స్నానాలగది గోడకీ తగిలించొద్దు.

గోదారమ్మాయి
అలాగే అక్కా, మౌంట్ బోర్డు రాసిపెట్టుకున్నా. ముందు చెట్లు కుదరనివ్వండి, ఈ ఆదివారం పొద్దున్నే వెళ్తున్నా, కోటిలింగాల రేవు వైపు నుంచి అవతలి ఒడ్డు. రాజమండ్రి వాళ్ళెవరైనా ఉంటే బోర్డు పట్టుకుని వచ్చెయ్యండి, నీళ్ళ సీసా నేను తెస్తా.

ఇన్నీసుపేట_పెద్దాయన
నేనొస్తాను, ఎండ ఎక్కక ముందే రండి. గ్యాలరీ తెరిచే వేళకి అటునుంచి అటే వెళ్దాం.